ఒక బల్ల – ఒక పిల్లి

పులిమేక ఆట అంతరించిపోతోందని పైవాళ్ళకి తెలిసేనాటికి పాలకొల్లులో భ్రమరాంబ దాన్ని రోజూ సాయంత్రం ఆడుతూనే ఉంది. ఆడుతున్నానని ఎవరికీ అర్జీ పెట్టుకోలేదు కాబట్టి అధికారుల లెక్కలో ఆట పోయినట్టే. పోయినదాన్ని తిరిగి తెస్తే పేరొస్తుంది గనక ‘సంప్రదాయ బల్ల ఆటల పునరుజ్జీవన మండలి’ అని ఒకటి వెలిసింది. దానికో భవనం, భవనానికో లిఫ్టు, లిఫ్టు పక్కన ఒక శిలాఫలకం వచ్చాయి. ఆట తెలిసిన మనిషి ఒకరుంటే బాగుంటుందని మాత్రం ఎవరికీ తోచలేదు. తోచిన ఒకరిద్దరు కూడా ఆ పోస్టుకి అర్హతలేమిటో ఖరారు చెయ్యలేక ఊరుకున్నారు.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బల్ల మీద సుద్దతో పెద్ద త్రికోణం గీసి, దాని మీద అడ్డగీతలు గీస్తారు. గీతలు కలిసే చోట్ల పావులు పెడతారు. మూడు గవ్వలు పులులు, చింతపిక్కలు మేకలు. పులి మేక మీంచి దూకితే మేక పోయినట్టు. పులులన్నిటినీ కదలనివ్వకుండా మేకలు చుట్టుముడితే పులుల పని అయిపోయినట్టు. చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది, కూర్చుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయినా తెలియదు.

భ్రమరాంబ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఇంట్లోవాళ్ళు పెళ్ళి మాట ఎత్తేలోపే ఉద్యోగం వచ్చింది, వచ్చాక ఆవిడ ఎత్తనివ్వలేదు. ఊళ్ళో సగం మంది పాత నంబర్లు ఇప్పటికీ నోటికి చెప్పగలదు. ఆ నంబర్లేవీ ఇప్పుడు పనిచెయ్యవు కాబట్టి జ్ఞాపకశక్తినంతా తెచ్చి పులిమేకలో పెట్టింది. ఆవిడెప్పుడూ మేకలే ఆడుతుంది. ఆవిడ మేకలు చెదరడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. మార్టేరులో కొబ్బరి వ్యాపారం చేసే కొవ్వూరి అబ్బులు ఎప్పుడూ పులులే ఆడతాడు. ఆయన పులులు చిక్కడం కూడా ఎవరూ చూడలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవడం అసలే చూడలేదు. ఆటగాళ్ళలో ఒక పట్టింపు ఉంది మరి: ఆట కోసం ఎవరు ఎవరింటి గుమ్మం తొక్కితే వాళ్ళు తగ్గినట్టు. ఇన్నేళ్ళూ ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు.

భ్రమరాంబకి తీరని కోరికంటూ ఉంటే అదొక్కటే. అబ్బులు పులుల్ని కట్టెయ్యాలి, లేదా ఆయన చేతిలో ఓడిపోవాలి. ఏదో ఒకటి తేలాలి. తేలకుండా పోతానేమోనని ఆవిడకి నిజంగానే బెంగగా ఉండేది.

ఆవిడ ఇంట్లో ఇంకో ప్రాణి ఉంది. పేరు సున్నుండ. రంగూ అదే, ఆకారమూ అదే. ఆవిడ కళ్ళు ఎక్కడుంటే ఆ పిల్లి అక్కడుంటుంది. పేపరు చదివితే పేపరు మీద కూర్చుంటుంది, బియ్యం బాగుచేస్తే చేటలో కూర్చుంటుంది. పులిమేక పరిస్తే సరాసరి మేకల మీద పడుకుంటుంది. ఆ ఇంట్లో ఆడేవాళ్ళందరూ ఎప్పుడో దీనికి అలవాటు పడ్డారు. పిల్లి కింద ఉన్న మేకలు ఉన్నచోటే ఉన్నట్టు లెక్క. ఏది ఎక్కడుందో భ్రమరాంబ కళ్ళు మూసుకుని చెప్పేది.

మండలి పోటీలు పెట్టింది. చీట్లు తీస్తే పాలకొల్లు భ్రమరాంబకీ మార్టేరు అబ్బులుకీ పడింది, అదీ భ్రమరాంబ ఇంట్లో. చీటీ ప్రకారం వచ్చాడు కాబట్టి అబ్బులు తగ్గినట్టు కాదు. మండలి పుణ్యమా అని తన కోరిక తీరుతోందని భ్రమరాంబ ఆ పొద్దున ఇంటిముందు ప్రత్యేకంగా ముగ్గు వేసింది. మండలి మీద ఆవిడకి కృతజ్ఞత కలగడం అదే మొదలు, అదే ఆఖరు.

అబ్బులు ఉతికిన పంచె కట్టుకుని ఒక కొబ్బరి గెలతో దిగాడు. వెనకాలే మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకుని చంద్రమౌళి అనే పరిశీలకుడు వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండానే నిబంధనలు చదివాడు.

“ఇంటి ఆటను ఇంట్లోనే, ఇంటి వాతావరణంలోనే ఆడవలెను. ఆట జరుగు సమయమున సదరు వాతావరణమునకు ఎట్టి మార్పులూ చేయరాదు. అర్థమైందా అమ్మా?”

“అర్థమైందండి. కాఫీ తాగుతారా?”

“పరిశీలకులకు కాఫీ ఇవ్వడం ఈ ఇంట్లో మామూలేనా? మామూలు కాకపోతే అది మార్పు కిందికి వస్తుంది.”

కాఫీ మాట అక్కడితో ఆగిపోయింది. ఆట మొదలైంది.

అబ్బులు తక్కువవాడేం కాదు. మొదట్లోనే మేకల్ని నాలుగింటిని లాగేశాడు. భ్రమరాంబ తొణకలేదు. మిగిలినవాటిని ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి ఒక పులిని కట్టేసింది. కొంతసేపటికి రెండోదీ చిక్కింది. మూడో పులి మూలకి వెళ్ళి కూర్చుంది. దానికి ఒక్క దారే మిగిలింది. ఆ దారి మూయాలంటే ఎక్కడి మేకని తేవాలో, తెస్తే ఎక్కడ ఖాళీ పడుతుందో ఇద్దరూ చూస్తున్నారు. అబ్బులు నుదుటి మీద చెమట కనిపించింది. భ్రమరాంబకి అంత సంతోషం ఉద్యోగం ఆర్డరు వచ్చిన రోజున కూడా కలగలేదు.

అప్పుడు వంటింట్లోంచి మ్యావ్ అని వినిపించింది.

చంద్రమౌళి తలెత్తాడు. “ఆ శబ్దం ఏమిటి?”

“పిల్లండి. ఆట పాడుచేస్తుందని తలుపేశాను.”

“సదరు పిల్లి ఈ గృహమున శాశ్వత నివాసియా?”

“పుట్టిందే మా అటక మీదండి.”

“అయితే దాన్ని నిర్బంధించి మీరు గృహ వాతావరణంలో మార్పు చేశారు. తలుపు తీయండి.”

“బాబూ, దాని సంగతి మీకు తెలీదు.”

“నాకు తెలియనవసరం లేదు. నిబంధనకి తెలుసు.”

తలుపు తీశారు. సున్నుండ ఎవరి మొహమూ చూడకుండా బల్లెక్కింది. ఒక చుట్టు తిరిగింది. తోక తగిలి మూల ఉన్న పులి కింద పడింది. మేకలు సగం దొర్లిపోయాయి. మిగిలిన సగం మీద అది నిమ్మళంగా పడుకుంది.

“పర్లేదండి, ఏది ఎక్కడుందో నాకు గుర్తే. సర్దేస్తాను,” అంది భ్రమరాంబ.

“నాకూ గుర్తేనండి. ఆవిడ పెట్టిందాన్ని నేనూ ఒప్పుకుంటాను,” అన్నాడు అబ్బులు.

“ముట్టుకోకండి,” అన్నాడు చంద్రమౌళి. “ఉభయులూ ఒప్పుకోవడానికి ఇదేం పొలం గట్టు తగాదా కాదు. పైనుంచి ఉత్తర్వులు వచ్చే దాకా యథాతథ స్థితి.” నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. పిల్లి నిద్ర లేచేదాకా అందరూ నిలబడే ఉన్నారు.

నెల తిరిగాక ఉత్తర్వులు వచ్చాయి. పిల్లి గృహ వాతావరణంలో అంతర్భాగం గనకనూ, గృహ వాతావరణం ఆటలో అంతర్భాగం గనకనూ, పిల్లి చేసిన చర్య ఆటలో ఎత్తుగా పరిగణించడమైనదట. అయితే అబ్బులు గృహంలో పిల్లి లేనందున పోటీదారుల మధ్య సమానావకాశం లోపించినదట. కావున ఆయన గృహంలో సమాన వాతావరణం ఏర్పడే దాకా ఆట వాయిదా.

చంద్రమౌళి మార్టేరు వెళ్ళి అబ్బులు ఇంటిని తనిఖీ చేశాడు.

“పిల్లి లేదు సరే, ఇంట్లో ఇంకేం జంతువులున్నాయి?”

“గేదుందండి.”

“బల్లెక్కుతుందా?”

అబ్బులు గేదె వంక ఓసారి చూశాడు. “ఇంతవరకూ అడగలేదండి,” అన్నాడు.

గేదెని పిల్లికి సమానంగా పరిగణించే అవకాశం ఉందా అని మండలి ఒక ఉపసంఘం వేసింది. గేదె బరువుకి తగిన బల్లలు దొరకవని ఉపసంఘం తేల్చింది. ఆ దెబ్బతో ‘ఒక బల్ల – ఒక పిల్లి’ పథకం బయటికొచ్చింది. పేరు నమోదు చేసుకున్న ఆటగాళ్ళందరికీ ఇంటికో పిల్లి. కూడళ్ళలో హోర్డింగులు లేచాయి. బడిపిల్లల చేత ర్యాలీలు చేయించారు. పులిమేక అంటే ఏమిటో అప్పటికీ తెలియని పెద్దమనుషులు టీవీల్లో కూర్చుని, మన పూర్వీకులు పిల్లుల్ని పెంచడం వెనక ఎంత ఆలోచన ఉందో వివరించారు.

పిల్లులు వ్యానుల్లో వచ్చాయి. చాలా ఊళ్ళలో వ్యాను తలుపు తియ్యగానే పథకం గోడలు దూకి వెళ్ళిపోయింది. అబ్బులుకి కేటాయించిన పిల్లి మాత్రం ఇల్లు నచ్చి ఉండిపోయింది. గేదె పాలు తాగి అటకెక్కి పడుకునేది. బల్ల వంక ఒక్కనాడూ చూడలేదు. చంద్రమౌళి వారానికోసారి వచ్చి దాన్ని గమనించి ‘జోక్యరహితం’ అని రాసుకుపోయేవాడు. అది జోక్యం చేసుకుంటే తప్ప ఆట జరగదు. అబ్బులు బల్ల మీద ఎండుచేపలు పెట్టి చూశాడు. అది చేపలు తిని మళ్ళీ అటకెక్కింది.

ఇదే ఇబ్బంది అన్ని ఊళ్ళ నుంచీ వస్తోందని మండలి జిల్లా కేంద్రంలో పిల్లులకి శిక్షణ శిబిరం పెట్టింది. ఆదర్శంగా చూపించడానికి సున్నుండని పిలిపించారు. భ్రమరాంబ వెంట వెళ్ళింది. రంగు బ్యాడ్జి పిల్లి మెడలో వేసి, ఆవిడకి ‘సహాయకురాలు’ అని రాసిన తెల్ల బ్యాడ్జి ఇచ్చారు. శిబిరంలో సున్నుండ బల్లెక్కి పడుకుంది. శిక్షకులు దాని భంగిమని బొమ్మ గీసి గోడకి అంటించారు. మిగతా పిల్లులు బొమ్మనీ చూడలేదు, సున్నుండనీ చూడలేదు.

భోజనాల వేళ భ్రమరాంబ మండలి కార్యదర్శి సదాశివమూర్తి గదిలోకి వెళ్ళింది. ఆయన చాలా మర్యాదస్తుడు, ఎంత మర్యాదస్తుడంటే ఆయన దగ్గరికి వెళ్ళినవాళ్ళు పని కాలేదన్న సంగతి బయటికొచ్చాక గాని గ్రహించరు.

“బాబూ, నాకు కప్పులూ వద్దు, పతకాలూ వద్దు,” అంది. “ఆ పులి మూలన ఉండిపోయింది. ఒక్కసారి పిల్లి లేకుండా ఆ ఆట పూర్తి చెయ్యనివ్వండి. అబ్బులు గారు కూడా ఒప్పుకున్నారు.”

సదాశివమూర్తి చిరునవ్వు నవ్వాడు. “అమ్మా, మీరు ఆట కోణం నుంచి చూస్తున్నారు. మేం వ్యవస్థ కోణం నుంచి చూడవలసి ఉంటుంది. ఇవాళ మీకు పిల్లి నుంచి మినహాయింపు ఇస్తే రేపు అందరూ ఆడతామంటారు.”

“ఆడితే మంచిదే కదండీ?”

“ఆడితే మంచిదే. కానీ మార్గదర్శకాల పరిధిలో ఆడాలి. పిల్లి లేని ఆట మా దృష్టిలో ఆట కాదు. అన్నట్టు మీకో శుభవార్త. మిగతా ఊళ్ళలో ఏ ఆటా తేలలేదు గనక మీ ఇద్దరి ఆటే తుదిపోటీ. తుదిపోటీ తరవాత సున్నుండ గారిని ప్రధాన కార్యాలయంలోనే ఉంచుకుంటాం. ప్రామాణిక పిల్లిగా. అద్దాల గది సిద్ధమవుతోంది. రాష్ట్రంలో ఏ పిల్లినైనా దీనితో పోల్చి చూసి ధ్రువీకరిస్తాం.”

“అది నా పిల్లండి.”

“పుట్టుకతో మీదే అమ్మా. ఇప్పుడది వ్యవస్థ సొత్తు.”

భ్రమరాంబ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఆటని బతికిస్తామని వచ్చినవాళ్ళు ఆటని తీసుకున్నారు, ఇప్పుడు పిల్లిని కూడా తీసుకుంటున్నారు. ఆవిడకి ఏడుపొచ్చింది. బ్యాడ్జి విప్పి చెత్తబుట్టలో పడేసింది.

తరవాత సవరణలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పిల్లి బల్ల మీద ఉండగా మనుషులు పావులు కదపడం పిల్లి ఆటలో జోక్యం కిందికి వస్తుంది కాబట్టి ఆటగాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. చింతపిక్కలు పిల్లి గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది కాబట్టి పావులు తీసెయ్యాలి. సుద్దపొడి పిల్లి ముక్కుకి మంచిది కాదు కాబట్టి గీతలు చెరిపెయ్యాలి. చివరికి బల్ల మీద పిల్లి ఒక్కటే మిగిలింది.

ఆ సవరణ అందిన రోజున అబ్బులు ఫోన్ చేశాడు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఫోన్లో మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

“ఏవండీ, మరి ఫైనల్లో మనం ఏం ఆడతామండీ?”

“కూర్చోడమేనటండి.”

“కూర్చునేదానికి ఓ రోజు కొబ్బరి దింపుడు మానుకుని రావాలాండీ?”

“రాకపోతే పిల్లిని అవమానించినట్టటండి.”

“ఆ మూల పులి నాకు కల్లోకొస్తందండి,” అన్నాడు అబ్బులు. “నాక్కూడానండి,” అంది భ్రమరాంబ.

తుదిపోటీ జిల్లా కేంద్రంలో, పెద్ద హాల్లో. ఇంటి ఆటని ఇంటి వాతావరణంలోనే ఆడాలి గనక స్టేజీ మీద ఇల్లు కట్టారు. గ్యాసు పొయ్యి, దండెం మీద తడి తువ్వాలు, గోడకి కేలండరు, మూల చెప్పులు, అన్నీ ఉన్నాయి. ‘పక్కింటావిడ’ అనే బ్యాడ్జి పెట్టుకుని ఒక ఉద్యోగిని కిటికీలోంచి అప్పుడప్పుడూ తొంగి చూస్తోంది. మధ్యలో బల్ల. బల్లకి పైన ఫ్యాను. అబ్బులు తెచ్చిన పిల్లి, దాని పేరు పిలవగానే తెర వెనక్కి దూరి మళ్ళీ కనిపించలేదు. అది స్వచ్ఛంద విరమణ అని మైకులో ప్రకటించారు. సున్నుండ బల్లెక్కింది, ఒక చుట్టు తిరిగి పడుకుంది. చప్పట్లు మోగాయి.

వ్యాఖ్యాత గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. “చెవి కదిలించింది... కాదు, ఈగ. అద్భుతమైన సంయమనం.” నిబంధన ప్రకారం పిల్లి తనంతట తాను బల్ల దిగితేనే ఆట ముగిసినట్టు. ముఖ్య అతిథి వాచీ చూసుకున్నాడు. సదాశివమూర్తి ఆయన చెవిలో, నిద్ర లేపితే ఆట రద్దవుతుందని చెప్పాడు. ఆటగాళ్ళ కుర్చీలు తాడు అవతల, ఎవరికీ అడ్డం రాని చోట వేశారు. కాబట్టి అవి ఖాళీ అయిన సంగతి ఎవరూ గమనించలేదు.

హాలు వెనక వంటలు చేస్తున్నారు. భ్రమరాంబ పెంకుముక్క ఒకటి ఏరుకుని సిమెంటు గచ్చు మీద త్రికోణం గీసింది. అబ్బులు మూడు సోడా మూతలు తెచ్చాడు. వంటవాళ్ళని అడిగి గుప్పెడు శనగలు పట్టుకొచ్చాడు. మోకాళ్ళ నొప్పుల్ని తిట్టుకుంటూ ఇద్దరూ గచ్చు మీద ఎదురెదురుగా చతికిలబడ్డారు.

“ఇక్కడొకటి, ఇక్కడొకటి,” అంటూ ఆవిడ పెట్టుకుపోతోంది. ఆయన రెండో వైపు నుంచి పెట్టుకొస్తున్నాడు. ఒక్కచోట కూడా తేడా రాలేదు. ఆఖరున అబ్బులు మూలన మూడో పులిని పెట్టాడు. ఇన్ని నెలలుగా ఇద్దరూ ఆ ఆటని తలకాయల్లో అలాగే మోశారన్నమాట. భ్రమరాంబకి ఆయన మీద ఒక్కసారిగా చాలా గౌరవం కలిగింది.

“ఎవరి వంతండీ?”

“మీదేనండి. పిల్లి వచ్చేసింది గానీ, మీదే.”

ఆవిడ దూరంగా ఉన్న మేకని కదిపింది. అబ్బులు దానికోసమే కాసుకున్నట్టు పులిని బయటికి లాగి ఒక మేకని కొట్టేశాడు. భ్రమరాంబ మళ్ళీ లెక్క కట్టుకుంది. ఇంకో మేకని కావాలనే ఎదురుపెట్టింది. ఆయన ఆలోచించి ఆలోచించి దాన్నీ కొట్టాడు. ఇంకో రెండు ఎత్తులు నడిచేసరికి పులి మళ్ళీ ఆ మూలకే చేరింది, దానికి ఒక్క ఖాళీయే మిగిలింది. ఆవిడ ఆఖరి మేకని మెల్లిగా అందులోకి జరిపింది.

అబ్బులు అటు చూశాడు, ఇటు చూశాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

“కట్టేశారండి,” అన్నాడు. ఆ మాట అంటూ ఆయన కూడా నవ్వాడు. భ్రమరాంబ కళ్ళు తుడుచుకుంది.

హాల్లో సున్నుండకి మెలకువ వచ్చింది. తన వంక అంతమంది చూస్తున్నారు గానీ చూడవలసిన మనిషి అందులో లేదు. బల్ల దిగింది. పిల్లి దిగితే ఆట ముగిసినట్టని ఒకరూ, స్టేజీ దిగలేదు కాబట్టి ఇంకా ఇంట్లో ఉన్నట్టేనని ఇంకొకరూ వాదించుకుంటూ ఉండగానే అది మెట్లు దిగి, ముఖ్య అతిథి కాళ్ళ మధ్య నుంచి నడుచుకుంటూ వెనక గుమ్మం వైపు బయల్దేరింది. ఆట పిల్లి వెంట ఉంటుందని సదాశివమూర్తి అప్పటికప్పుడు తీర్పు చెప్పాడు. దాంతో కార్యదర్శి, ముఖ్య అతిథి, పరిశీలకులు, వ్యాఖ్యాత, పక్కింటావిడ, అందరూ పిల్లి వెనకాల వరసగా వంటల దగ్గరికి వచ్చారు.

సున్నుండ వెళ్ళి శనగల మీద పడుకుంది.

“ఏం జరుగుతోంది ఇక్కడ?” అన్నాడు సదాశివమూర్తి.

“పులిమేకండి,” అన్నాడు అబ్బులు. “అయిపోయింది కూడానండి. ఆవిడ గెలిచారు.”

“పులిమేకా? ఈ ప్రాంగణంలోనా?” ఆయన గొంతులో మర్యాద మొదటిసారి తడబడింది. “చంద్రమౌళీ, ఆట సమయంలో పిల్లి ఉందా?”

చంద్రమౌళి వంగి గచ్చునీ పిల్లినీ పరిశీలించాడు. “లేదు సార్. ఆట ముగిశాక హాజరైంది. ఇది పూర్తిగా పిల్లి లేకుండా ఆడిన ఆట. గీతలున్నాయి. పావులున్నాయి. ఇద్దరూ చేతులు కూడా వాడినట్టు కనిపిస్తోంది సార్.”

ముఖ్య అతిథి ఎదుట ఇలాంటి అపచారం జరిగినందుకు సదాశివమూర్తి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, తీర్పు చెప్పాడు.

“మీరిద్దరూ ఆట స్ఫూర్తిని భగ్నం చేశారు. నేటి నుంచి మండలి గుర్తింపు పొందిన ఏ బల్ల ఆటలోనూ పాల్గొనకుండా మిమ్మల్ని జీవితకాలం బహిష్కరించడమైనది. ఇకపై మీ ఇళ్ళకి పరిశీలకులు రారు. మార్గదర్శకాలు అందవు. మీరు ఏమాడుకున్నా మండలి దాన్ని ఆటగా పరిగణించదు.”

అబ్బులు భ్రమరాంబ మొహం చూశాడు. భ్రమరాంబ చేతులు నేలకి ఆనించి లేచి నిలబడింది.

“అదేదో కాగితమ్మీద రాసి, స్టాంపేసి ఇచ్చేయండి బాబూ,” అంది. “రేపు మీకు మళ్ళీ జాలేసి రద్దు చేసేస్తే మేం ఎక్కడికి పోతాం.”

చంద్రమౌళి అక్కడే వడ్డించే బల్ల మీద కాగితం పెట్టి రాయడం మొదలుపెట్టాడు. బహిష్కృతులు: ఒకటి, భ్రమరాంబ. రెండు, అబ్బులు. ఆవిడ వంగి పిల్లిని చంకనెత్తుకుంది. దాని పొట్టకి అంటుకున్న శనగలు టపటపా రాలాయి.

“ఇది కూడా మాతోనే ఉందండి. అందరూ కళ్ళారా చూశారు. దీన్నీ అందులో కలిపేయండి.”

సదాశివమూర్తి అద్దాల గదిని తలుచుకున్నాడో ఏమో, నోరు తెరిచాడు. కానీ నిబంధన నిబంధనే. ఆట చోట దొరికినది ఎవరైనా ఒకటే. చంద్రమౌళి కలం అప్పటికే మూడో అంకె వేసింది.

“పేరు?”

“సున్నుండ.”

“ఇంటిపేరు?”

“నాదే వెయ్యండి,” అంది భ్రమరాంబ.